సంలీన యంత్రం భవిష్యత్తు తేలేది అంచు దగ్గరే

పదిహేను కోట్ల డిగ్రీల వేడి ఉండే ప్లాస్మా (అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన వాయువు) నడిబొడ్డుకూ, దాని చుట్టూ ఉన్న లోహపు గోడకూ మధ్య దూరం ఎంత ఉంటుంది? ఫ్రాన్స్‌లోని కదరాష్‌లో సంలీనం కోసం, అంటే తేలికైన కేంద్రకాలను కలిపి శక్తి తీయడం కోసం, కడుతున్న ఇటర్ ప్రయోగ యంత్రంలో అడ్డంగా కొలిస్తే రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ రెండు మీటర్లలో ఉష్ణోగ్రత ఒకే వాలున నెమ్మదిగా దిగదు. ఇటర్ రూపకల్పన లెక్కల ప్రకారం ప్లాస్మా చివరి పది సెంటీమీటర్ల లోపే నాలుగు కోట్ల డిగ్రీలకు పైగా పడిపోతుంది. సరిహద్దు దాటే చోటికి వచ్చేసరికి మిగిలేది పది, ఇరవై లక్షల డిగ్రీలు. కొండ మీద నుంచి లోయలోకి నిలువునా కోసేసినట్టుండే ఆ వాలే ఈ వ్యాసానికి విషయం.

అక్కడ టర్బులెన్స్, అంటే సుడులు తిరిగే అల్లకల్లోలం, ఎక్కువైతే లోపల వేడి నిలవదు. మరీ తక్కువైతే బయట గోడ నిలవదు. అంచు ప్లాస్మా మీద జరిగిన పరిశోధనంతా ఈ రెండు మాటల మధ్యే నలుగుతోంది. సంలీన విద్యుత్తు గురించి వార్తల్లో ఎప్పుడూ నడిబొడ్డు ఉష్ణోగ్రత గురించే చెబుతారు. అంకె పెద్దది కాబట్టి అది సహజమే. కానీ కష్టమంతా ఉన్నది చివరి పది సెంటీమీటర్లలో.

ముందు అయస్కాంత క్షేత్రం చేసే పని చూడాలి. ఆవేశం ఉన్న కణం అయస్కాంత బలరేఖ చుట్టూ గిరగిర తిరుగుతూ ఆ రేఖ వెంటే పోతుంది. దానికి అడ్డంగా పోలేదు. అంచులో అయాన్ తిరిగే వలయం వ్యాసార్థం మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. బలరేఖలను గారె ఆకారంలో చుట్టి, వాటి కొసలు గోడకు తగలకుండా చేస్తే కణాలు లోపలే తిరుగుతూ ఉండాలి. ఇటర్ లాంటి గారె ఆకారపు యంత్రాన్ని టోకమాక్ అంటారు, దాని వెనక ఉన్న ఆలోచన ఇదే. ఒక కణం బయటికి రావాలంటే ఇంకో కణాన్ని ఢీకొని, ఒక్కో అడుగే పక్కకు జరగాలి. అంత వేడి ప్లాస్మాలో ఢీకొనడాలు చాలా అరుదు. కాగితం మీద లెక్క వేస్తే చిన్న యంత్రంతోనే పని జరిగిపోవాలి.

కానీ జరగలేదు. కొలిచి చూస్తే వేడి, కణాలు ఆ లెక్క కంటే పదుల రెట్లు, కొన్నిచోట్ల వందల రెట్లు వేగంగా బయటికి కారిపోతున్నాయి. ఈ అసాధారణ నష్టానికి 1940లలోనే భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ ఒక సూత్రం రాశారు. ఆ సూత్రం ప్రకారం నష్టం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది, అయస్కాంత క్షేత్రాన్ని పెంచినా పెద్దగా తగ్గదు. అదే ప్రకృతి నియమమైతే సంలీన రియాక్టర్ ఆశ వదులుకోవాల్సిందే. 1960లలో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఉన్న స్టెల్లరేటర్ (మరో రకం అయస్కాంత పంజరం) యంత్రాలు ఆ సూత్రం చుట్టుపక్కలే ఇరుక్కుపోయాయి. 1968లో నోవోసిబిర్స్క్ సమావేశంలో సోవియట్ శాస్త్రవేత్తలు తమ టీ-3 టోకమాక్ ఫలితాలు బయటపెట్టాక, మరుసటి ఏడాది బ్రిటిష్ బృందం లేజర్ పరికరంతో మాస్కో వెళ్లి ఆ ఉష్ణోగ్రతలు నిజమేనని తేల్చాక, బోమ్ గండం గడిచింది. గండం గడిచినా కారడం ఆగలేదు. బోమ్ సూత్రం చెప్పినంత ఘోరంగా లేదన్నమాటే గానీ, ఢీకొనడాల లెక్క కంటే మాత్రం చాలా ఎక్కువగానే ఉంది.

ఈ నష్టానికి కారణం కంచే చేను మేయడం లాంటిది. లోపల వేడి, బయట చల్లదనం అనే తేడాను నిలబెట్టడానికే అయస్కాంత పంజరం. ఆ తేడాయే టర్బులెన్స్‌కు మేత. ఎక్కడ పీడనం వాలుగా ఉంటే అక్కడ ఆ వాలులో దాగిన శక్తిని తోడుకుని చిన్న చిన్న అలలు పెరుగుతాయి. అలలో కొంతచోట ధన ఆవేశం, కొంతచోట రుణ ఆవేశం పోగవుతాయి. వాటి మధ్య విద్యుత్ క్షేత్రం పుడుతుంది. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఒకదానికొకటి అడ్డంగా ఉన్నచోట ప్లాస్మా ఆ రెండింటికీ అడ్డంగా మూడో దిశలో జారుతుంది. ఈ జారుడులో అయాన్, ఎలక్ట్రాన్ అన్న తేడా లేదు, రెండూ కలిసే కదులుతాయి. అలా ప్లాస్మా సుడులు తిరుగుతుంది. ప్రతి సుడీ ఒక పక్క నుంచి వేడి ప్లాస్మాను బయటికి, ఇంకో పక్క నుంచి చల్లటి ప్లాస్మాను లోపలికి తోస్తుంది. అయాన్ ఢీకొని మిల్లీమీటరు జరిగే చోట సుడి ఒక్క ఊపులో సెంటీమీటరు మోసుకుపోతుంది.

గారె ఆకారం ఈ రోగాన్ని ఇంకాస్త పెంచుతుంది. వంకర తిరిగిన బలరేఖ వెంట పోయే కణానికి బయటికి తోసే బలం తగులుతుంది, బస్సు మలుపు తిరిగితే ప్రయాణికుడు పక్కకు ఒరిగినట్టు. గారె బయటి వైపున ఈ తోపు, పీడనం తగ్గే దిశ రెండూ ఒకటే. అంటే బరువైన ద్రవం పైన, తేలికైనది కింద ఉన్నట్టు, చిన్న కుదుపుకే తలకిందులయ్యే స్థితి. లోపలి వైపున ఇది తిరగబడి స్థిరంగా ఉంటుంది. అందుకే అంచు టర్బులెన్స్ అన్ని వైపులా ఒకేలా ఉండదు. ప్రోబ్ (ప్లాస్మాలోకి దూర్చే కొలత సూది) పెట్టి చూసినా, కెమెరాతో తీసినా బయటి వైపే చిందులు ఎక్కువ.

నడిబొడ్డు టర్బులెన్స్‌కూ అంచు టర్బులెన్స్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. లోపల సాంద్రత ఒక శాతం అటూఇటూ ఊగుతుంది. అది ప్రశాంతమైన చెరువు మీద చిరు అలల్లాంటిది, కాబట్టి చెరువును ఒకటిగా, అలను ఒకటిగా విడదీసి లెక్క వేయొచ్చు. అంచు దాటాక ఊగులాట పదుల శాతం, ఒక్కోచోట సగటుతో సమానం. అక్కడ చెరువేది, అల ఏది? విడదీయడానికి వీలుండదు. దానికి తోడు అక్కడ గోడ నుంచి వచ్చిన తటస్థ అణువులుంటాయి, కాంతిగా శక్తిని ఒలకబోసే మలినాలుంటాయి, ఒక పక్క మూసుకున్న బలరేఖలు, ఇంకో పక్క గోడకు తగిలే తెరుచుకున్న బలరేఖలు ఉంటాయి. ఇవన్నీ కలిపి ఒకే సిమ్యులేషన్‌లో నడపాలంటే ప్రపంచంలోని అతిపెద్ద సూపర్ కంప్యూటర్లకే చెమట పడుతుంది.

ఇంత గందరగోళంలోంచే ఈ రంగంలో అతి పెద్ద శుభవార్త వచ్చింది. 1982లో జర్మనీలోని గార్షింగ్‌లో, ఆస్‌డెక్స్ టోకమాక్ మీద ఫ్రిట్జ్ వాగ్నర్ పనిచేస్తున్నారు. అప్పటికి అందరినీ కుంగదీస్తున్న అనుభవం ఒకటుంది. ప్లాస్మాను ఎంత ఎక్కువ వేడి చేస్తే అది అంత అధ్వాన్నంగా వేడిని పట్టి ఉంచుతోంది. వేడి పెంచితే వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే టర్బులెన్స్ పెరుగుతుంది. అయితే ఆ యంత్రంలో ఒక హద్దు దాటి వేడి చేసినప్పుడు కథ అడ్డం తిరిగింది. గోడ దగ్గర తటస్థ హైడ్రోజన్ వెలువరించే ఎర్రటి కాంతి ఒక్కసారిగా పడిపోయింది. అంటే బయటికి వచ్చే కణాల ధార తెగిపోయింది. వెంటనే లోపల సాంద్రత, శక్తి పెరగడం మొదలైంది. వేడి నిలిచే సమయం దాదాపు రెట్టింపైంది. ఈ మార్పుకు పట్టే సమయం మిల్లీసెకను, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. యంత్రంలో ఎవరూ కొత్తగా ఏమీ బిగించలేదు. ప్లాస్మాయే తన అంచున తానే గోడ కట్టుకుంది. దీనికి హెచ్-మోడ్ అని పేరు వచ్చింది, పాత స్థితి ఎల్-మోడ్ అయింది. ఇటర్ పరిమాణం, ఖర్చు, ఆశలు అన్నీ ఈ కనుగోలు మీద కట్టినవే.

ప్లాస్మా గోడ ఎలా కట్టుకుంటుంది? అంచులో రెండు మూడు సెంటీమీటర్ల మందాన, లోపలి దిశగా ఒక బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. మీటరుకు 30 వేల వోల్టులు అనుకుందాం, అయస్కాంత క్షేత్రం 2 టెస్లా అనుకుందాం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ప్లాస్మా జారే వేగం వస్తుంది: సెకనుకు 15 కిలోమీటర్లు. ఈ జారుడు గారె చుట్టూ అడ్డంగా ఉంటుంది, బయటికి కాదు, కాబట్టి అదొక్కటే అయితే మంచీ లేదు, చెడూ లేదు. విద్యుత్ క్షేత్రం ఆ సన్నటి పట్టీలోనే గోతిలా లోతై మళ్లీ పైకి లేస్తుంది. దాంతో ఒక పొర సెకనుకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెంటీమీటరు పక్కనున్న పొర దాదాపు కదలకుండా ఉంటుంది. వాటి మధ్య చిక్కిన సుడి గతి నది మధ్య ధారకూ గట్టుకూ మధ్య చిక్కిన నురగ లాంటిది. ఒక కొస పరుగెత్తుతుంది, ఇంకో కొస వెనకబడుతుంది, సుడి సాగి, సన్నబడి, తెగిపోతుంది. సెంటీమీటరు మోయాల్సిన సుడి ముక్కలై మిల్లీమీటర్లే మోస్తుంది. బిగ్లారి, డైమండ్, టెర్రీ 1990లో ఈ వివరణకు గణిత రూపం ఇచ్చారు.

ఇది కథ అల్లడం కాదనడానికి ఒక చక్కటి ప్రయోగం ఉంది. 1989లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టేలర్ బృందం తమ టోకమాక్ అంచులోకి ఒక ఎలక్ట్రోడ్ దూర్చి, వోల్టేజి పెట్టి, ఆ విద్యుత్ క్షేత్రాన్ని బయటి నుంచి కల్పించింది. ప్లాస్మా హెచ్-మోడ్ లాంటి స్థితిలోకి దూకింది. కారణాన్ని చేత్తో తిప్పి ఫలితాన్ని చూడగలిగిన సందర్భాలు ఈ రంగంలో తక్కువ. అందుకే ఈ ప్రయోగానికి రావాల్సినంత పేరు రాలేదనిపిస్తుంది.

మామూలుగా ఆ విద్యుత్ క్షేత్రాన్ని మొదట లేపేది ఏదన్న ప్రశ్న మిగిలింది. టర్బులెన్స్ తానే పెద్ద ప్రవాహాలను పుట్టిస్తుంది. చిన్న సుడులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, గారె చుట్టూ వలయాల్లా తిరిగే పట్టీ ప్రవాహాలకు శక్తి అందిస్తాయి. గురు గ్రహం మీద కనిపించే అడ్డ పట్టీల వెనకా ఇలాంటి భౌతికమే ఉంది. ఆ పట్టీలు పెరిగి, తమను పెంచిన సుడులనే కోసేస్తాయి. సుడులు తగ్గితే పట్టీలకు మేత తగ్గి అవి నీరసిస్తాయి, సుడులు మళ్లీ లేస్తాయి. లేళ్లు, పులుల లెక్కలాగే ఇదీ అటూఇటూ ఊగుతుంది. వేడి హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు ఈ ఊగులాటను ప్రయోగాల్లో నేరుగా చూశారు. ఊగులాటలో ఒకసారి పీడనం వాలు తగినంత నిలువుగా అయితే, ఆ వాలే విద్యుత్ క్షేత్రాన్ని నిలబెడుతుంది. ఇక పట్టీలతో పని లేదు.

అయినా ఎంత వేడి ఇస్తే ఈ మార్పు వస్తుందో మొదటి సూత్రాల నుంచి లెక్కగట్టే సిద్ధాంతం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. వాడుకలో ఉన్నవి ఎన్నో యంత్రాల కొలతల నుంచి తీసిన సూత్రాలు. అవి చెప్పే కొన్ని సంగతులు ఆశ్చర్యంగా ఉంటాయి. మామూలు హైడ్రోజన్‌కు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కంటే సుమారు రెట్టింపు వేడి కావాలి. అయస్కాంత క్షేత్రం దిశ తిప్పి, అయాన్లు జారే వైపు మారిస్తే, మిగతావన్నీ అలాగే ఉన్నా కావాల్సిన వేడి రెట్టింపు దాకా పెరుగుతుంది. కార్బన్ గోడలు తీసి లోహపు గోడలు పెడితే కొంత తగ్గుతుంది. గోడ, దిశ, కణం బరువు ఇన్ని చిన్న విషయాలు అంచున అంత బలంగా పనిచేస్తాయి.

అంచు గోడ ఎత్తు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నడిబొడ్డు వేడి దాని మీదే ఆధారపడి ఉంటుంది. లోపలి ప్లాస్మాలో ఉష్ణోగ్రత వాలు ఒక హద్దుకు చేరగానే టర్బులెన్స్ విజృంభించి ఇక పెరగనివ్వదు. ఇసుక కుప్ప వాలు ఒక కోణం దాటనట్టే. కుప్ప శిఖరం పైకి పోవాలంటే దాన్ని ఎత్తైన అరుగు మీద పోయాలి. అంచులో లేచిన ఆ అరుగునే పెడెస్టల్ అంటారు. అరుగు ఎత్తు కాస్త పెరిగితే సంలీన శక్తి అంతకు మించి పెరుగుతుంది.

కానీ అరుగును ఎంతైనా పెంచుకుంటూ పోతే అది బద్దలవుతుంది. టర్బులెన్స్ అణిగిపోయి వాలు మరీ నిలువుగా అయితే, అంచంతా ఒక్కసారిగా కట్ట తెగినట్టు తెగి, మిల్లీసెకను లోపే నిల్వ శక్తిలో కొన్ని శాతం, పెద్దవైతే పదో వంతు దాకా, గోడ మీదికి చిమ్ముతుంది. వీటిని ఈఎల్ఎం విస్ఫోటాలు అంటారు, వాడుకలో ‘ఎల్మ్’లు. ఇప్పటి యంత్రాలు వీటిని తట్టుకుంటాయి. ఇటర్‌లో నిల్వ ఉండే శక్తి సుమారు 350 మెగాజౌళ్లు. అందులో ఐదు శాతం చిమ్మినా టంగ్‌స్టన్ పలకల ఉపరితలం కరుగుతుంది. టంగ్‌స్టన్ కరిగేది 3,422 డిగ్రీల దగ్గర, లోహాలన్నిటిలో అదే ఎక్కువ. అంతకన్నా మంచి లోహం వెతుక్కునే వీలు లేదు. అందుకే ఇటర్‌లో అంచు బలరేఖలను కొద్దిగా చెదరగొట్టే 27 తీగ చుట్టలను లోపలే అమరుస్తున్నారు. శాన్ డియాగోలోని డీ-3డీ యంత్రంలో ఈ పద్ధతి ఎల్మ్‌లను ఆపగలదని 2004 నాటికే తేలింది. నిజానికి అది చేసేది అంచు గోడకు కావాలని చిన్న చిల్లులు పెట్టడం. అరవై ఏళ్లుగా కారకుండా ఆపడానికి తంటాలు పడ్డవాళ్లే, తగుమాత్రం కారేలా చూసుకోవాల్సి వస్తోంది.

సరిహద్దు దాటిన ప్లాస్మా సంగతి ఇంకా చిక్కు. అక్కడ బలరేఖలు తెరుచుకుని, డైవర్టర్ అనే అడుగు భాగంలోని పలకలకు తగులుతాయి. బలరేఖ వెంట ప్లాస్మా సెకనుకు వంద కిలోమీటర్ల ప్రాంతంలో పరుగెత్తుతుంది. పలక దాకా పదుల మీటర్ల దారి. అంటే మిల్లీసెకను లోపు చేరిపోతుంది. ఆ మిల్లీసెకనులో అది అడ్డంగా ఎంత పరుచుకోగలిగితే వేడి అంత వెడల్పున పడుతుంది. అడ్డంగా పరిచేది మళ్లీ టర్బులెన్సే.

ఇక్కడి టర్బులెన్స్‌ను దగ్గర నుంచి చూడాలంటే గోడ నుంచి కాస్త వాయువు ఊది, అది వెలిగే కాంతిని సెకనుకు లక్షల ఫ్రేములు తీసే కెమెరాతో పట్టాలి. ప్రిన్స్‌టన్‌లోని ఎన్‌ఎస్‌టీఎక్స్, ఎంఐటీలోని ఆల్కేటర్ సీ-మోడ్ యంత్రాల్లో తీసిన ఇలాంటి చిత్రాల్లో ముందు అంచు వెంట ఒక ముడత కనిపిస్తుంది. ముడత ఉబ్బుతుంది, మెడ సన్నబడుతుంది, సెంటీమీటరు వెడల్పున ఒక మెరిసే ముద్ద తెగి విడిపోతుంది. ముద్ద అనేది అడ్డుకోతలో కనిపించే రూపమే. నిజానికది బలరేఖ వెంట మీటర్ల కొద్దీ సాగిన తాడు. బలరేఖల వంపు వల్ల ఆ తాడులో అయాన్లు పైకి, ఎలక్ట్రాన్లు కిందికి, లేదా క్షేత్రం దిశను బట్టి అటుదిటుగా జారుతాయి. పైకీ కిందికీ మధ్య విద్యుత్ క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రమే తాడు మొత్తాన్ని సెకనుకు కిలోమీటరు ప్రాంతపు వేగంతో బయటికి తోస్తుంది. తనను తోసే ఇంజన్ తనలోనే ఉంది కాబట్టి చుట్టూ ప్లాస్మా పలచబడినా అది ఆగదు. ఐదు సెంటీమీటర్లు దాటడానికి యాభై మైక్రోసెకన్లు చాలు. క్రాషెనిన్నికోవ్ 2001లో ఈ వివరణ ఇచ్చాక ‘బ్లాబ్’ అన్న మాట ఈ రంగంలో స్థిరపడింది.

ఈ చిమ్మడాలు కెమెరాలు రాకముందే ప్రోబ్ సంకేతాల్లో దొరికాయి. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య టోకమాక్ మీద జా, కావ్ తదితరులు 1992లో అంచు టర్బులెన్స్ ఉండుండి ఉప్పొంగే స్వభావం గలదని చూపించారు. ఈ పరిశీలన అర్థం లోతైనది. కణాల నష్టం సన్నటి ధారలా కారితే సగటుతో సరిపెట్టుకోవచ్చు. అరుదుగా వచ్చే పెద్ద చిమ్మడాలే నష్టంలో పెద్ద వాటా మోస్తే సగటు మోసం చేస్తుంది. సగటు వ్యాపన గుణకం (కణాలు ఎంత వేగంగా పరుచుకుంటాయో చెప్పే అంకె) పెట్టి లెక్కగడితే దూరపు గోడ క్షేమంగా కనిపిస్తుంది. అసలు గోడకు మాత్రం తాళ్లు వచ్చి తగులుతూనే ఉంటాయి. డైవర్టర్ లెక్కలు చాలావరకు ఇప్పటికీ ఆ సగటు గుణకాలతోనే నడుస్తున్నాయి. ఇది అలవాటుగా మారిపోవడం మంచిది కాదు.

బ్లాబ్‌లు ఇంత పరిచేస్తుంటే వేడి వెడల్పుగా పడాలి కదా? హెచ్-మోడ్‌లో సరిహద్దు పక్కనే అలా జరగడం లేదు. 2013లో థామస్ ఐష్ నాయకత్వంలో ఎన్నో టోకమాక్‌ల కొలతలను ఒకచోట చేర్చారు. సరిహద్దు దాటాక వేడి ఎంత వెడల్పులో పలచబడుతుందో చూస్తే, అది యంత్రం పరిమాణంతో పెరగడం లేదు. అంచులోని పోలాయిడల్ క్షేత్రం (గారె అడ్డుకోత చుట్టూ తిరిగే అయస్కాంత క్షేత్రం) పెరిగిన కొద్దీ తగ్గుతోంది. దీన్ని ఇటర్‌కు వర్తింపజేస్తే సుమారు ఒక మిల్లీమీటరు వస్తుంది. గారె మధ్య రంధ్రం కేంద్రం నుంచి ప్లాస్మా నడిబొడ్డు దాకా కొలిస్తే ఇటర్ వ్యాసార్థం 6.2 మీటర్లు, అంటే చుట్టుకొలత 39 మీటర్లు. ఒక మిల్లీమీటరుతో గుణిస్తే 0.04 చదరపు మీటర్లు. చిన్న బల్లకు కూడా చాలని ఆ వైశాల్యంలోంచి దాదాపు వంద మెగావాట్లు పోవాలి. బలరేఖలను వెడల్పు చేసి, పలకలను ఏటవాలుగా పెట్టి దీన్ని పలచబరుస్తారు. పలకలు నిలకడగా తట్టుకోగలిగేది చదరపు మీటరుకు పది మెగావాట్ల ప్రాంతం. మిగతా శక్తిని పలక చేరకముందే కాంతిగా ఒలకబోయాలి. అందుకోసం నియాన్, నైట్రోజన్ లాంటి వాయువులను ఊదుతారు.

ఒక మిల్లీమీటరు అన్న అంకె అందరూ ఒప్పుకున్నది కాదు. రాబ్ గోల్డ్‌స్టన్ 2012లో, టర్బులెన్స్‌ను పట్టించుకోకుండా కణాల జారుడు ఒక్కటే పెట్టి లెక్కగడితే ఇదే వెడల్పు వస్తుందని చూపారు. అంటే ఇప్పటి యంత్రాల్లో హెచ్-మోడ్ సరిహద్దు పక్కన టర్బులెన్స్ అంతగా అణిగి ఉంది. 2017లో సీఎస్ చాంగ్ బృందం ఎక్స్‌జీసీ అనే కోడ్‌తో సూపర్ కంప్యూటర్ మీద లెక్కగడితే, ఇప్పటి యంత్రాలకు ఐష్ సూత్రమే సరిపోయింది గానీ, పూర్తి స్థాయి ఇటర్‌కు మాత్రం ఆరు మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది. అంత పెద్ద యంత్రంలో పొరల వేగాల తేడా సుడులను కోసే కోత బలహీనపడి, టర్బులెన్స్ మళ్లీ వేడిని పరిచే పని అందుకుంటుందన్నది వాళ్ల వివరణ. ఒకటికీ ఆరుకీ మధ్య తేడా డైవర్టర్ బతుకు మరణాల తేడా. తీర్పు చెప్పాల్సింది యంత్రమే.

టర్బులెన్స్ చెయ్యి సాంద్రతలోనూ ఉంది. ప్లాస్మాలో ఎంత ఇంధనం నింపవచ్చో చెప్పే గ్రీన్‌వాల్డ్ హద్దు 1988 నుంచి వాడుకలో ఉంది. అది కొలతల నుంచి తీసిన సూత్రం, ప్లాస్మా కరెంటు, ప్లాస్మా అడ్డుకోత వ్యాసార్థం తప్ప ఇంకేమీ అందులో ఉండవు. 2022లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌కు చెందిన జాకొమిన్, రిచ్చి తదితరులు ఈ హద్దును అంచు టర్బులెన్స్ నుంచి రాబట్టారు. సాంద్రత పెరిగితే అంచులో టర్బులెన్స్ రెచ్చిపోయి, అంచు చల్లబడి, చివరికి ప్లాస్మా మొత్తం కూలుతుంది. అంచు దాటే శక్తి పెరిగితే హద్దూ పెరుగుతుందని కూడా వాళ్ల సూత్రం చెబుతుంది. ఇటర్‌కు అది అనుకున్నదానికి దాదాపు రెట్టింపు. నిజమైతే పెద్ద ఊరట.

ఇన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, టర్బులెన్స్‌ను పూర్తిగా అణచాలన్న పాత లక్ష్యం సరైనది కాదని తెలుస్తుంది. అది ఉండాల్సిన చోట ఉండాలి. సరిహద్దుకు లోపల అణిగి ఉండాలి, సరిగ్గా సరిహద్దు మీద, దాని బయట తగినంత లేవాలి. ఈ ఏర్పాటు మాటల్లో తేలిక. రెండు చోట్లకీ మధ్య దూరం సెంటీమీటరో రెండో. అయినా ఇది ఊహగా మిగిలిపోలేదు. గార్షింగ్‌లోనే, వాగ్నర్ హెచ్-మోడ్‌ను చూసిన యంత్రానికి వారసురాలైన ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్‌లో, ప్లాస్మా అడ్డుకోతను బాగా త్రికోణాకారంలోకి తిప్పి, సరిహద్దు దగ్గర సాంద్రత పెంచి నడిపిన ప్రయోగాలున్నాయి. వాటిలో అరుగు అడుగున, సరిహద్దుకు ఆనుకుని, చిన్న చిన్న అస్థిరతలు తెరపి లేకుండా లేస్తాయి. అవి తాళ్లుగా తెగి బయటికి పోతూ ఉంటాయి. వాలు బద్దలయ్యేంత నిలువుగా ఎప్పుడూ కాదు, పెద్ద ఎల్మ్‌లు రావు. లోపల వేడి హెచ్-మోడ్ స్థాయిలోనే నిలుస్తుంది. డైవర్టర్ పలక మీద వేడి పట్టీ మాత్రం ఐష్ సూత్రం చెప్పినదానికంటే స్పష్టంగా వెడల్పవుతుంది.